ఒకే నంబరు మీద ముగ్గురు

2007 సెప్టెంబరు 18, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు తమిళనాడు విరుదునగర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో పొన్నుతాయి చనిపోయింది. వయసు ముప్పై నాలుగు. ఊరు ఏళాయిరంపన్నై. ఆ సమయంలో మంచం పక్కన స్టూలు మీద ఎవరూ లేరు.

పన్నెండు నుంచి ఆరు దాకా ఆ స్టూలు మీద, రోగుల పక్కన వంతులవారీగా కూర్చునే వాలంటీర్ల సంస్థ 'తోడు' మనిషి కూర్చోవాలి. ఆ రోజు వంతు మునియమ్మాళ్‌ది. ఆమెదీ ఏళాయిరంపన్నైయే. ఇద్దరిదీ ఒకే వీధి. మునియమ్మాళ్ రాలేదు.

పొన్నుతాయి భర్త సంగిలి ఆ ఆరు గంటల్లో ఊరికి పోయి, పిల్లలకు వండిపెట్టి, స్నానం చేసి తిరిగి వచ్చేవాడు. బాణసంచా షెడ్డులో నిప్పు లేచిన రోజు నుంచి రెండు వారాలుగా అదే పద్ధతి. మంగళవారం కూడా ఆరు గంటలకు వార్డుకు వచ్చాడు. మంచం మీద దుప్పటి తల దాకా కప్పి ఉంది.

బుధవారం దహనం దగ్గర వీధి ఆడవాళ్ళు మునియమ్మాళ్‌ను దగ్గరికి రానివ్వలేదు. నాకెవరూ చెప్పలేదని ఆమె నాలుగు సార్లు అంది.

కోవిల్‌పట్టిలో సంతానలక్ష్మి, బాలచందర్ దంపతులు ఉండే ఇంటి ముందు గదే సంస్థ ఆఫీసు. దహనం నుంచి తిరిగి వచ్చాక ఆ ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

గురువారం పొద్దున ఏడున్నరకు ఆమె దోసెలు పోసి పళ్ళెం బల్ల మీద పెట్టింది. అతను తిన్నాడు. చేయి కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆమె వంటింట్లో నిలబడి తింది.

బాలచందర్ సంస్థ కార్యదర్శి. బస్టాండు వెనక అతనికి వేరుసెనగ పప్పు, బెల్లంతో కడలై మిఠాయి చేసే షెడ్డు ఉంది. సంతానలక్ష్మి 1993లో సంస్థ మొదలైనప్పటి నుంచి వాలంటీర్ల పని చూస్తోంది. అతను ఆమె తల్లికి చివరి తమ్ముడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. పిల్లలు లేరు.

ప్రింటరు ఒక కాగితం బయటికి తోసింది. ఆమె వెళ్ళి తీసుకుని చదివింది. వంతు: మునియమ్మాళ్. సందేశం పంపిన సమయం: సోమవారం రాత్రి 7.02. అందింది. జవాబు: సరి. హాజరు: లేదు.

"ఇది కమిటీకా?" అని అడిగింది.

"ఆదివారం చదవాల."

"మునియమ్మ అత్తకు సెల్లు ఎట్లా పట్టుకోవాలనో తెలీదు మామా. ఆమె సరి అని జవాబిచ్చిందంటనా?"

"మెషిను అట్లా చెప్తుండాది."

"ఆ మెషిను తెచ్చింది మీరు."

అతను కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని ఫైల్లో పెట్టాడు. ఫైలు మీద చేయి ఉంచుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత షెడ్డుకు పోయాడు.

మెషిను తెచ్చింది అతనే. జూలైలో కమిటీ ముందు రెండు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఒకటి చెన్నై కంపెనీది. ఇంటర్నెట్ మీద నడుస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో చూసుకుని ముందు రోజు తనే సెల్లుకు సందేశం పంపుతుంది. రెండోది సంతానలక్ష్మి తమ్ముడు సురేష్‌కుమార్ రాసింది. అది ఆఫీసులో ఉన్న ఒక్క కంప్యూటరులోనే ఉంటుంది. పట్టిక ముద్రించి ఇస్తుంది. కబురు మాత్రం మనిషే పంపాలి. చెన్నైవాళ్ళది రెండు నెలలు వాడి చూద్దామని బాలచందర్ అన్నాడు. గడువు సెప్టెంబరు ముప్పయ్యో తేదీతో ముగుస్తుంది. ఏది ఉంచుకోవాలో 23వ తేదీ ఆదివారం తేల్చాలి.

అంతకు ముందు ఉన్నది సంతానలక్ష్మి నోటు పుస్తకం. ముప్పై ఒక్క ఊళ్ళు, రెండు వందల పద్నాలుగు మంది వాలంటీర్లు. అందులో ఆమె మనుషుల వారీగా రాయలేదు, ఇండ్ల వారీగా రాసింది. ఒక ఇల్లు ఒక లైను. ఆ లైనులో ఇంట్లో వచ్చేవాళ్ళ పేర్లు. పొద్దున పది గంటలకు కోవిల్‌పట్టి బస్టాండుకు పోయి, ఏ ఊరి మినీ బస్సు కండక్టరుకు ఆ ఊరి చీటీ ఇచ్చేది. కండక్టరు ఊళ్ళో దిగి ఇల్లు చూసి చెప్పేవాడు. మధ్యాహ్నం ట్రిప్పుకు 'సరి' అన్న జవాబు తెచ్చేవాడు. అదీ ఎప్పుడూ నడిచిందని కాదు. మార్చిలో కళుగుమలై బస్సు కండక్టరు సెలవు పెట్టాడు. చీటీ బస్సులోనే ఉండిపోయింది. ఒక పూట వంతు తప్పింది. ఆ పూట ఎవరికీ ఏమీ కాలేదు.

ఆగస్టు ఒకటి నుంచి ఆమె బస్టాండుకు పోవడం మానేసింది. పోవలసిన పని లేదు. ఆ నెలలో ఆ ఇంటి గడప లోపలికి వచ్చినవాళ్ళు ముగ్గురు. పాలు పోసే మనిషి, గ్యాసు సిలిండరు తెచ్చిన మనిషి, రెండు సార్లు సురేష్.

శుక్రవారం ఆమె పదకొండు గంటల బస్సుకు విరుదునగర్ పోయింది. తమ్ముడి కంప్యూటరు సెంటరు పప్పుల మండీ వీధిలో మేడ మీద ఉంది. ఇద్దరు ఆడపిల్లలు టైపు నేర్చుకుంటున్నారు. సురేష్ వాళ్ళను అన్నానికి పంపాడు.

మునియమ్మాళ్ పేరు మీద అబద్ధం ఎట్లా వచ్చిందో చూడమని ఆమె అడిగింది. మామ ఏదో తప్పుగా ఎక్కించి ఉంటాడని, అందుకే నోరు తెరవడం లేదని చెప్పింది.

సురేష్ చెన్నై సాఫ్ట్‌వేరు తెరిచాడు. మెల్లగా చెప్పాడు. ఏళాయిరంపన్నై ఇంట్లో ముగ్గురు వాలంటీర్లు. మునియమ్మాళ్, ఆమె కోడలు పాండిసెల్వి, కూతురు తమిళ్‌సెల్వి. ఇంట్లో సెల్లు ఒక్కటే. ముగ్గురూ ఆ నంబరే ఇచ్చారు. ఈ సాఫ్ట్‌వేరుకు ఒక నంబరు అంటే ఒక మనిషి. అదే నంబరు మళ్ళీ వస్తే, ముందున్న మనిషితో కలపమంటావా అని అడుగుతుంది. కలపమన్నారు. అప్పటి నుంచి వంతుల పట్టికలో ముగ్గురి పేర్లూ కనిపిస్తాయి, సందేశం మాత్రం మొదటి పేరుతోనే పోతుంది. మొదటి పేరు పాండిసెల్వి.

మిగతాది పాండిసెల్వి ఫోనులో చెప్పగా సంతానలక్ష్మికి తెలుసు. సోమవారం వంతు పాండిసెల్విది. ఆమె ఆరు దాకా వార్డులో కూర్చుని ఇంటికి బస్సు ఎక్కింది. ఏడు గంటలకు తన పేరుతో, తేదీ లేకుండా సందేశం వచ్చింది. అయిపోయిన వంతు గురించి ఆలస్యంగా వచ్చిందనుకుంది. సరి అని కొట్టింది. అత్తకు చెప్పలేదు. చెప్పడానికి ఆమెకు కారణం లేదు.

"ఎవరు కలిపినారు?" అని సంతానలక్ష్మి అడిగింది.

సురేష్ మౌసు మీది నుంచి చేయి తీశాడు.

"అన్నం తిని మాట్లాడదాం అక్కా."

"చెప్పు."

"దీంట్లో ఒక పేజీ ఉండాది. ఎవరు ఏమి చేసినా టైముతో రాసుకుంటుంది."

ఆ పేజీ చూపించాడు. జూలై 28, ఉదయం 11.42. మూడు పేర్లు కలిపి ఒకటి చేయడమైనది. చేసినవారు: సంతానలక్ష్మి.

ఆమెకు ఆ రోజు గుర్తుంది. శనివారం. నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో లైను చూసి ఎక్కించింది. మెషిను కలపమంటావా అని అడిగిన ప్రతిసారీ నోటు పుస్తకంలో చూసింది. అది ఒకే ఇల్లు, ఒకే లైను. కలిపింది.

"ఇట్లా ఎన్ని?"

"ముప్పై ఎనిమిది ఇండ్లు."

కింద మండీలో మూటలు దించుతున్నారు. ఆమె ఆ పేజీ వైపే చూస్తూ కూర్చుంది. ఇది మామ చూశాడా అని తర్వాత అడిగింది.

"బుధవారం సాయంత్రం ఫోను చేసినాడు. ఆ పేజీ చెరిపేదానికి అవుతుందా అన్నాడు. కాదన్నాను." సురేష్ గొంతు తగ్గించాడు. "నాదాంట్లో అట్లాంటి పేజీ ఉండాదా అని కూడా అడిగినాడు. లేదన్నాను. నాదాంట్లో ఎవరు ఏమి చేసినా తెలీదక్కా."

ఆమె అన్నం తినకుండానే బస్సు ఎక్కింది.

శనివారం మధ్యాహ్నం బాలచందర్ షెడ్డు నుంచి రెండు గంటలకు వచ్చాడు. ఆమె వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతను సగం తిన్నాక, ఆదివారం కమిటీలో ఏమి చెప్పబోతున్నారని అడిగింది.

"సురేష్‌దే తీసుకుందామని చెప్తాను. మనవాడు. ఏమన్నా అయితే పిలిస్తే వస్తాడు."

"జూలైలో అదే మాట నేను చెప్తే, ఇంటి మనిషి అని చూడకూడదు అన్నారు."

అతను మజ్జిగ పోసుకున్నాడు.

"విరుదునగర్ పోయినాను మామా. ఆ పేజీ చూసినాను."

అతను చేయి పళ్ళెంలో పెట్టుకునే కూర్చున్నాడు. ఎదురింట్లో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

"ముప్పయ్యో తేదీ చెన్నైవాళ్ళు మూసేస్తారు," అన్నాడు. "దాంతోబాటు అదీ పోతుంది. ఎవరికీ ఏమీ తెలియాల్సిన పని లేదు."

"మునియమ్మ అత్త?"

"కాగితంలో ఒక లైను. ఎవరు చూస్తారు దాన్ని?"

"ఆ వీదంతా చూస్తుండాది. కొళాయి దగ్గర ఆమె కడవ తీసి పక్కన పెడుతుండారంట. పాండిసెల్వి ఫోనులో ఏడ్చింది."

అతను లేచి చేయి కడుక్కుని వచ్చాడు. తిరిగి కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నాకు ఏల చెప్పలేదు?" అని ఆమె అడిగింది.

"చెప్తే పోయి చెప్పేస్తావని."

"చెప్పకూడదా?"

"పద్నాలుగేండ్లు చేసినావు. ఇదొక్కదానికి వాళ్ళు నిన్ను తీసేస్తారు. తీసేస్తే ఏమి చేస్తావు లక్ష్మీ? పొద్దున నేను పోతే సాయంత్రం దాకా ఈ ఇంట్లో కూర్చోని ఏమి చేస్తావు?"

అతను కొంచెంసేపు చూసి చెప్పులు వేసుకున్నాడు. ఆమె పళ్ళేలు తీసింది. ఆ రోజు వాళ్ళిద్దరి మధ్య జరిగిన మాటలు అంతే. రాత్రి అతను ముందు గదిలో చాప వేసుకున్నాడు.

ఆదివారం పదకొండు గంటలకు ముందు గదిలో కమిటీ కూర్చుంది. తొమ్మిది మంది. అధ్యక్షుడు కాళియప్పన్, పత్తి వ్యాపారం చేసి మానుకున్న మనిషి, డెబ్బై దాటాయి. ఇండ్లలో తెలుగైనా కమిటీలో ఎప్పుడూ తమిళమే. సురేష్‌ను కూడా పిలిచారు. అతను తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

బాలచందర్ కాగితం చదివాడు. మునియమ్మాళ్, సందేశం అందింది, సరి అని జవాబు, హాజరు లేదు. అతను ఆ లైను ఆగకుండా చదివేశాడు. సరి అని చెప్పి రాని మనిషిని పట్టికలో ఉంచకూడదని ఒక సభ్యుడు అన్నాడు. ఇంకొకరు ఒప్పుకున్నారు. కాళియప్పన్, అట్లాగే రాసుకొమ్మని కార్యదర్శికి చెప్పాడు. బాలచందర్ మినిట్సు పుస్తకం తెరిచాడు.

సంతానలక్ష్మి లేచి నిలబడింది. వాలంటీర్ల పని చూసే మనిషిగా ఆమె కమిటీలో కూర్చుంటుంది గానీ ఓటు లేదు. మునియమ్మాళ్‌కు కబురు అందలేదని చెప్పింది. ముగ్గురిని కలిపింది తనేనని చెప్పింది. తేదీ, గంట చెప్పింది. ఇట్లాంటి ఇండ్లు ఇంకా ముప్పై ఏడు ఉన్నాయని, వాటికి ఈ వారమంతా తనే పోయి చెప్పి వస్తానని చెప్పింది. నాలుగు నిమిషాల కంటె ఎక్కువ పట్టలేదు.

ఫ్యాను తిరుగుతోంది. కాగితాల మీద పెట్టిన గాజు బరువును ఒక సభ్యుడు అటూ ఇటూ జరిపాడు.

ఇది కార్యదర్శికి తెలుసా అని కాళియప్పన్ అడిగాడు.

"తెలుసు," అన్నాడు బాలచందర్. "బుధవారం నుంచి."

కాళియప్పన్ సురేష్ వైపు తిరిగాడు. రెండిట్లో ఏది తీసుకోవాలో నువ్వు చెప్పమన్నాడు. తన సరుకు కాబట్టి తను చెప్పకూడదని సురేష్ అన్నాడు. అందుకే అడుగుతున్నానని కాళియప్పన్ అన్నాడు.

"చెన్నైవాళ్ళదే తీసుకోండి అయ్యా," అన్నాడు సురేష్. "నాదైతే ఈ రోజు ఆ ముసలామె పేరు కొట్టేసి అందరూ అన్నానికి పోయి ఉంటారు."

అక్క వైపు చూడకుండా చెప్పాడు.

తీర్మానం పన్నెండున్నరకు అయింది. చెన్నై కంపెనీ సాఫ్ట్‌వేరు మూడేళ్ళకు తీసుకోవాలి. ఒకే నంబరు మీద ఉన్న మనుషులను విడదీయాలి. సొంత సెల్లు లేనివాళ్ళకు మనిషి పోయి చెప్పాలి. మునియమ్మాళ్ పేరు పట్టికలో ఉండాలి. అక్టోబరు కమిటీ దాకా సంతానలక్ష్మి వాలంటీర్ల పని చూడకూడదు. మిగతా అన్నిటికీ అందరూ చేతులెత్తారు. చివరి దానికి ఎనిమిది మంది ఎత్తారు. బాలచందర్ రాస్తున్నాడు. తల ఎత్తలేదు.

ముప్పై ఏడు ఇండ్ల సంగతి ఎవరు చూస్తారని ఆమె అడిగింది. చూద్దామని కాళియప్పన్ అన్నాడు. ఈ రోజు ఒక్క ఇంటికి పోయి వస్తానని ఆమె అంది. దానికి ఎవరూ అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు.

సభ్యులు పోయాక ఆమె లోపలికి పోయి చీర మార్చుకుంది. బాలచందర్ మినిట్సు పుస్తకం ముందే కూర్చుని ఉన్నాడు. అన్నం వండి లేదు. ఆమె అతని పక్క నుంచే గడప దాటింది. ఎక్కడికని అతను అడగలేదు.

రెండు గంటల పది నిమిషాలకు కోవిల్‌పట్టిలో బస్సు ఎక్కింది. కండక్టరు ఆమెను గుర్తుపట్టి, రెండు నెలలుగా కనబడలేదే అమ్మా, ఊళ్ళో లేరా అని అడిగాడు. ఉన్నానని చెప్పింది.

ఏళాయిరంపన్నైలో పాండిసెల్వి తలుపు తీసింది. మునియమ్మాళ్ లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బుధవారం నుంచి పనికి పోలేదని, ఒక పూటే తింటోందని కోడలు చెప్పింది. తమిళ్‌సెల్వి నీళ్ళ కోసం పక్క వీధికి పోయింది.

సంతానలక్ష్మి నేల మీద ఆమె ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. మెషిను గురించి తక్కువ చెప్పింది. కలిపింది తనేనని రెండు సార్లు చెప్పింది. పాండిసెల్వి పొయ్యి దగ్గర నిలబడి విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మునియమ్మాళ్ గోడ వదిలి ముందుకు జరిగింది.

"మీ ఆఫీసులో చెప్పినావా?" అని అడిగింది.

"చెప్పినాను అత్తా. మీ పేరు కొట్టెయ్యలేదు."

"నా పేరు ఆడ ఉంటే ఏమి, లేకపోతే ఏమి." మునియమ్మాళ్ కాళ్ళు ముడుచుకుంది. "మీ ఆఫీసు వాళ్ళా నా కడవ తీసి పక్కన పెట్టేది?"

"నన్నేమి చెయ్యమంటారో చెప్పండి."

"ఈ ఇంట్లో మన తెలుగులో చెప్తే ఎవరికి వినపడుతుంది? నాకు తెలిసిందే నాకు చెప్తుండావు. వీదిలోకి వచ్చి చెప్పు. అందరికీ తెలిసే మాట, తమిళంలో చెప్పు. గట్టిగా చెప్పు."

పాండిసెల్వి, వద్దు అత్తా, సంగిలి అన్న ఇంట్లోనే ఉండాడు, అంది. మునియమ్మాళ్ ఆమె వైపు తిరగలేదు.

"వాడు వినాలనే చెప్తుండాను," అంది.

సంతానలక్ష్మి లేచింది. బయట ఎండ ఇంకా తగ్గలేదు. వీధిలో పదకొండు ఇండ్లు. రెండు ఇండ్ల ముందు ఆడవాళ్ళు కూర్చుని అట్టముక్కలు మడిచి అగ్గిపెట్టెల గూళ్ళు అంటిస్తున్నారు. ఎడమ వైపు నాలుగో ఇంటి తిన్నె మీద గుండు చేయించుకున్న మనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చిన్నపిల్ల, పక్కన ఇంకొక పిల్ల.

మునియమ్మాళ్ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. గడప దాటలేదు.

సంతానలక్ష్మి వీధి మధ్యకు పోయింది. తన పేరు చెప్పింది. మంగళవారం పొన్నుతాయి దగ్గర కూర్చోవలసిన మనిషికి కబురు పంపే పని తనదని, తన పొరపాటు వల్ల ఆ కబురు మునియమ్మాళ్‌కు అందలేదని తమిళంలో చెప్పింది. మొదటిసారి గొంతు చాలలేదు. రెండోసారి చెప్పింది. అగ్గిపెట్టెల గూళ్ళు అంటించేవాళ్ళు చేతులు ఆపారు. ఏడు ఇండ్లలోంచి మనుషులు బయటికి వచ్చారు.

అప్పుడు నాలుగు గంటల అయిదు నిమిషాలు.

సంగిలి చిన్నపిల్లను ఒళ్ళోంచి దించి తిన్నె మీద కూర్చోబెట్టాడు. కిందికి దిగాడు. చెప్పులు లేకుండా వీధి దాటి వచ్చి సంతానలక్ష్మి ఎదురుగా నిలబడ్డాడు.